పెద్దావిడ ఎడమచెయ్యి

మా మోంత్రాయ్‌లో మనిషిని కొలవాలంటే ఇంటి ముందు నిలబడరు, పెరట్లోకి వెళ్తారు. వెనక గోడ ఎంత తెల్లగా ఉంది, ఆ గోడకు పీచ్ చెట్టు ఎంత పొందిగ్గా అతుక్కుని ఉంది, అది చూసి ఆ ఇంట్లో కాపురం ఎలాంటిదో చెప్పేస్తారు. వీధి గుమ్మానికి రంగు వెలిసిపోయినా ఎవరూ ఏమీ అనరు. చెట్టుకు ఒకవైపు బోసిగా కనిపించిందంటే మాత్రం ఆ ఇంటికి పిల్లనిచ్చే ముందు రెండుసార్లు ఆలోచిస్తారు. పారిస్ కూతవేటు దూరంలోనే ఉన్నా మావాళ్ళ తీరు మాత్రం మారలేదు.

అలాంటి ఊరికి గోడ బాగుచెయ్యడానికి వచ్చి, ఆ గోడ లోపలే ఉండిపోయినవాడు మార్సియాల్.

అతనిది క్రూజ్ సీమ. అక్కడ నేలంతా రాయి, తిండేమో చెస్ట్‌నట్ కాయలు. మీసం మొలిచీ మొలవకముందే మగపిల్లలంతా తాపీ సంచిలో వేసుకుని పారిస్ దారి పట్టేవాళ్ళు. మార్సియాల్ కూడా అలాగే వచ్చాడు. పెద్ద పెద్ద మేడలకు గచ్చు పూశాడు. కొన్నాళ్ళకు ఇసిదోర్ ఇంటి పెరటి గోడ వానలకు నానిపోయి పొట్ట ముందుకు తోసుకొస్తే, దాన్ని సరిచెయ్యడానికి పిలిపించారు. వారంలో తేలే పనికి నెల పట్టింది. మధ్యాహ్నం పూట సూప్ గిన్నె తెచ్చేది ఇసిదోర్ ఒక్కగానొక్క కూతురు ఒదీల్ మరి! గోడ లేచి నిలబడేసరికి పెళ్ళి మాట కూడా లేచింది. ఊళ్ళో అందరూ ఇసిదోర్ మండిపడతాడనుకున్నారు. ఆయన మాత్రం తాపీగా పైపు ముట్టించుకుని, "మంచిదేగా. ఇక గోడ పగిలితే మేస్త్రీని వెతుక్కునే పనిలేదు, వంటింట్లోనే దొరుకుతాడు" అన్నాడు.

ఇల్లరికపుటల్లుడి బతుకు ఏ దేశంలోనైనా ఒకటే. కంచంలో లోటుండదు. మర్యాద దగ్గరే కొంచెం కొలత తగ్గుతుంది. పెళ్ళయిన మర్నాడే ఇసిదోర్ అల్లుణ్ణి పెరట్లోకి తీసుకెళ్ళి పెద్దావిడ ముందు నిలబెట్టాడు. పెద్దావిడ అంటే ఆ గోడకున్న పీచ్ చెట్టు. ఒదీల్ చిన్నప్పుడు చర్చిలో మొదటి సత్ప్రసాదం తీసుకున్న ఏడాది నాటింది. చెట్టు మొదలు దగ్గర్నుంచే రెండు లావుపాటి చేతులు, ఒకటి కుడికి, ఒకటి ఎడమకి. ఒక్కో చేతికీ చేపముల్లులా అటూ ఇటూ రెమ్మలు. ముందుకు ఒక్క కొమ్మ కూడా పొడుచుకు రాకుండా గోడకు కరుచుకుని ఉండేది. పగలంతా ఎండ తాగిన గోడ, పొద్దు వాలాక ఆ వేడిని చెట్టుకు కొంచెం కొంచెంగా వదులుతుంది. మా చలిలో పీచ్ పండుతోందంటే ఆ గోడల పుణ్యమే.

"నీళ్ళు మొయ్యి. ఎరువు వెయ్యి. గోడకి గచ్చు పుయ్యి" అన్నాడు ఇసిదోర్. "పూత మీద మంచు పడకుండా గడ్డితడికలు దించు, పొద్దున్నే ఎత్తు. కత్తి మాత్రం ముట్టుకోకు. ఆ గచ్చు చేతులతో చిగురు కూడా గిల్లకు. తెలిసిందా?"

"చూసి నేర్చుకుంటాను మామా."

"చూడు, చూడు. చూసినందుకు కూలి అడగకపోతే చాలు."

ఆ రోజుతో మార్సియాల్ పేరు కూడా పోయింది. మామగారికి అతను 'గచ్చు' అయ్యాడు. గచ్చూ, నిచ్చెన పట్టుకో. గచ్చూ, బండి తోలు. కోపంగా ఏమీ పిలిచేవాడు కాదు. అదే ఇంకా కష్టంగా ఉండేది. కోపమైతే ఒక రోజు చల్లారుతుంది కదా!

అత్తగారు పెలాజీ మంచిదే. కానీ ఆవిడ కత్తెరకు మాత్రం జాలి లేదు. చలికాలం చివర చెట్టుకున్న పాత కట్లన్నీ విప్పి, కొమ్మలు కత్తిరించి, మళ్ళీ గోడకు కట్టడం మా ఊరి పద్ధతి. తాడు వాడరు. ఊలుగుడ్డ పేలికను కొమ్మ చుట్టూ వేసి, రెండు కొసలూ కలిపి గోడలో మేకు కొడతారు. గచ్చుగోడ కాబట్టి మేకు వెన్నలోకి దిగినట్టు దిగుతుంది. ఒక్క చెట్టుకే బోలెడన్ని పేలికలు కావాలి. ఆ నెలలో పెలాజీ కంటబడ్డ ఊలుబట్ట మళ్ళీ బట్టలా కనబడేది కాదు. పెళ్ళయిన మొదటి ఏడాది మార్సియాల్ పని పంట్లాం అలాగే మాయమైంది.

"ఏమే, నా పంట్లాం ఏదీ?" అని ఒదీల్‌ని అడిగితే, ఆమె నవ్వు ఆపుకోలేక పెరట్లోకి చెయ్యి చూపించింది. పంట్లాం గోడ పొడుగునా ఉంది.

"మీ నాన్న నన్ను రానివ్వకపోయినా నా పంట్లాం ముందే వెళ్ళి సంబంధం కలుపుకుంది" అన్నాడు మార్సియాల్.

నవ్వుతూనే అన్నాడు. కానీ లోపల ఒక ముల్లు ఉండనే ఉంది. ఏళ్ళు గడుస్తున్నా అతని చేతికి నిచ్చెన, బకెట్టు, తాపీ తప్ప ఇంకోటి రాలేదు. ఇసిదోర్ వంపుకత్తి పట్టుకుని కొమ్మ ముందు నిలబడి ఆలోచిస్తుంటే, ఇతను వెనక నిలబడి ఆయన వీపు చూసేవాడు. ఎందుకు కోశాడో, ఎందుకు వదిలేశాడో అడిగితే, "చూస్తున్నావుగా" అనేవాడాయన. మావాళ్ళకు విద్య గోడ దాటిపోతుందన్న భయం ఎక్కువ. ఇంటి లోపలివాడికి చెప్పడానికి కూడా నోరు రాదు.

అలా ఉండగా ఒక చలికాలం చివర, పెద్దావిడ వెనక గచ్చు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. ఇసిదోర్ కట్లన్నీ విప్పి, కత్తిరించాల్సిందంతా కత్తిరించి, చెట్టును మెల్లగా ముందుకు వంచి కర్రల మీద ఆనించాడు. మార్సియాల్ గోడంతా గీకి కొత్తగా గచ్చు పూశాడు. చక్కటి పని, అద్దంలా వచ్చింది. అది దగ్గర్నుంచి చూద్దామని గచ్చు పనికి వేసిన చెక్క పలక మీదికెక్కిన ఇసిదోర్ తడిగచ్చు మీద కాలు జారి కింద పడ్డాడు. తొడ ఎముక విరిగింది.

వైద్యుడొచ్చి కాలుకి బద్దలు కట్టి, వేసవి దాకా మంచం దిగకూడదని చెప్పి వెళ్ళాడు. మంచమేమో మేడ మీద, వీధి వైపు గదిలో. కిటికీలోంచి చూస్తే ఎదురింటి పొగగొట్టం, రొట్టెల బండి తప్ప ఏమీ కనపడవు. ఇసిదోర్‌కి కాలు నొప్పికన్నా అదే ఎక్కువ నొప్పి.

"గచ్చూ, ఇలా రా" అని పిలిచాడు. "మొగ్గలు ఉబ్బకముందే కట్టెయ్యాలి. మీ అత్త పేలికలు కోస్తుంది, నువ్వు మేకులు కొట్టు. మునుపు ఎలా ఉందో అలాగే కట్టు. కత్తి తియ్యకు. గిల్లకు. అంతే."

"అలాగే మామా."

'మునుపు ఎలా ఉందో అలాగే' అనడం తేలికే. మునుపు ఎలా ఉండేదో గోడ మీదున్న పాత మేకుల బెజ్జాలు చెప్పేవి. ఆ బెజ్జాలన్నిటినీ మేస్త్రీగారు తన చేత్తోనే నున్నగా పూడ్చేశాడు! పెద్దావిడ ముందు నిలబడ్డాక గానీ ఆ సంగతి తట్టలేదు. ఎదురుగా తెల్లటి గోడ, ఒక్క గుర్తు లేదు. తన పనితనాన్ని చూసుకుని అతను తిట్టుకున్నది అదే మొదటిసారి.

గుర్తు తెచ్చుకుంటే ఒకటి మాత్రం బాగా జ్ఞాపకం ఉంది. ఎడమచెయ్యి కుడిదానికన్నా ఎత్తుగా, వంకరగా ఉండేది. గచ్చుపని చేసేవాడి కంటికి వంకర పంటికింద రాయి. కొన్నేళ్ళుగా ఆ వంకర చూసినప్పుడల్లా అతనికి చెయ్యి దురద పెట్టేది. మామగారికి ఎందుకు కనపడదా అని ఆశ్చర్యపోయేవాడు. చివరికి తనే జవాబు చెప్పుకున్నాడు: ముసలాయన చూపు మందగించింది. రొట్టె ఏటవాలుగా కోస్తున్నాడు, పేపరు చెయ్యి చాచి దూరంగా పట్టుకుంటున్నాడు, ఇంకేం కావాలి? పాపం, ఊళ్ళో అంత పేరున్న మనిషి, ఎవరితోనూ చెప్పుకోలేక గుట్టుగా నెట్టుకొస్తున్నాడు.

అందుకని మార్సియాల్ ఒక పుణ్యకార్యం తలపెట్టాడు. కొట్లోంచి గోడ ఎత్తుపల్లాలు చూసుకునే తన రసమట్టం తెచ్చాడు. మొదలు దగ్గర్నుంచి అటూ ఇటూ దారం లాగి పట్టాడు. కొమ్మల మొదట్లో కదలిక ఉండదు గానీ చివరి సగం మాట వింటుంది. ఎడమచేతిని కిందికి దించి, కుడిచేతిని కాస్త ఎత్తి, రెండిటినీ ఒక్క తీరున నిలిపి, నోటినిండా మేకులు పెట్టుకుని ఒక్కో పేలికా కొట్టుకుంటూ పోయాడు. సాయంత్రానికి పెద్దావిడ తక్కెడలా సమంగా నిలబడింది. రసమట్టంలో బుడగ సరిగ్గా నడిమధ్యన ఆగింది. మామగారి పరువు కాపాడానన్న తృప్తితో అతనికి గుండె నిండిపోయింది.

పక్క పెరడు తియోఫిల్‌ది. ఇసిదోర్ ఈడువాడే, మాటల్లో మిరియం ఎక్కువ. నిచ్చెనెక్కి గోడ మీంచి తొంగిచూసి, చెట్టును ఈ చివర్నుంచి ఆ చివరిదాకా కళ్ళతో కొలిచాడు.

"ఏం మేస్త్రీ, దారం పెట్టి కట్టావా?"

"పెట్టాను బాబాయ్. ఎలా ఉంది?"

"గీత గీసినట్టుంది. ఇంత తిన్నగా కట్టినవాణ్ణి నా జన్మలో చూళ్ళేదు" అని తియోఫిల్ మెల్లగా నిచ్చెన దిగిపోయాడు. మార్సియాల్ దాన్ని మెప్పు అనుకున్నాడు.

రోజూ సాయంత్రం సూప్ పట్టుకెళ్ళినప్పుడు ఇసిదోర్ అడిగేది ఒక్కటే.

"పెద్దావిడ ఎలా ఉంది?"

"బాగుంది మామా."

పూత బాగానే వచ్చింది. రెండు చేతులా గులాబీరంగు పూలు. మార్సియాల్ సందెవేళ తడికలు దించాడు, తెల్లారి ఎత్తాడు, ఒక్క పువ్వు కూడా మంచుకు మాడకుండా చూసుకున్నాడు. పిందెలు పట్టాయి. అప్పటిదాకా అంతా సవ్యంగానే ఉంది.

మే నెల వచ్చేసరికి తేడా బయటపడింది. కుడిచేతి మీద రెమ్మలు కొరడాల్లా దూసుకొస్తున్నాయి, ఆకులు అరచెయ్యంత అవుతున్నాయి. ఎడమచేతి మీద చిగురు పుట్టినచోటే ఆగిపోయింది. ఆకులు పాలిపోయాయి. పిందెలు ఒకటొకటే రాలిపోతున్నాయి. చేతి చివర రెమ్మ ఒకటి ఎండి పుల్లయింది.

మార్సియాల్‌కి నిద్రా తిండీ సయించలేదు. ముందు నీళ్ళనుకున్నాడు, ఎడమవైపు వేళ్ళకు అదనంగా పోశాడు. తర్వాత ఎరువనుకున్నాడు, అదీ వేశాడు. తన గచ్చే కాల్చేసిందేమో అని గోడకు నాలిక పెట్టి కూడా చూశాడు. ఏం చేసినా ఎడమచెయ్యి రోజురోజుకీ నీరసపడుతూనే ఉంది. చెట్టుకు ఒక చెయ్యి పోతే మళ్ళీ రాదు. ఆగస్టు నెలాఖర్న తోటమాలుల దేవుడు ఫియాక్ర్ పండగ. ఆ రోజు తోటల పెద్దలు ఒక్కో పెరడూ తిరిగి చూస్తారు. ఇసిదోర్ పెరట్లో ఒంటిచేతి చెట్టు! ఊరు ఊరంతా చూస్తుంది, ఇసిదోర్ కర్ర పట్టుకుని దాని పక్కన నిలబడాలి. ఆ తర్వాత ఈ ఇంట్లో తను చచ్చేదాకా గచ్చే. అసలు ఉండనిస్తారో లేదో.

"ఎడమచేతికి పక్షవాతం తగిలినట్టుందే మేస్త్రీ" అన్నాడు తియోఫిల్ ఒక రోజు గోడ మీంచి.

"వాతావరణం బాగాలేదు బాబాయ్."

"ఓహో! మీ పెరట్లో ఒకపక్కే వాతావరణం బాగాలేదన్నమాట."

ఆ మాట కొరడాలా తగిలింది. అయినా మార్సియాల్ ఆయన్ని ఏమీ అడగలేదు. అడిగితే ఇంటి గుట్టు గోడ దాటినట్టే కదా!

రాత్రి కంచం ముందు అలాగే కూర్చుంటే ఒదీల్ పళ్ళెం పక్కకి జరిపింది.

"నీకేమైనా జబ్బా?"

"నాక్కాదు. పెద్దావిడకి."

"నాన్నకి చెప్పావా?"

"బాగుందని చెప్తున్నాను."

"రోజూనా?"

"రోజూ."

ఒదీల్ నెత్తి కొట్టుకుంది. "చెట్టు గురించి నాన్నతో అబద్ధమాడావా! ఇంకేదైనా అయితే క్షమిస్తాడేమో గానీ... రేపు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తాలే" అన్నాడు మార్సియాల్. అన్నాక ఇంకా భయం వేసింది.

మర్నాడు మధ్యాహ్నం కుందేలు కూర గిన్నె పట్టుకుని మెట్లెక్కాడు. బండరాళ్ళు మోసిన భుజాలకు ఆ గిన్నె బరువుగా అనిపించింది. ఇసిదోర్ దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"పెద్దావిడ ఎలా ఉంది?"

"బాలేదు మామా."

ఆ గదిలో ఆ మాట అతను అనడం అదే మొదలు. తర్వాత ఆగలేదు. బెజ్జాలు పూడ్చేసిన సంగతి, ఎడమచెయ్యి వంకరగా ఉందనుకున్న సంగతి, దారం, రసమట్టం, రాలిపోతున్న పిందెలు అన్నీ చెప్పేశాడు. ఒక్కటి మాత్రం నోట్లో నానింది.

"నీకు చూపు ఆనట్లేదనుకున్నాను మామా. నీ పరువు పోకూడదని సరిచేశాను."

ఇసిదోర్ మొహం ఇటుకలా అయింది. "నా చూపా? ఒరేయ్ గచ్చూ, ఎదురింటి పొగగొట్టం మీద కూర్చున్న పిచ్చుక ఆడదో మగదో చెప్పమంటావా?" అని అరిచి, హఠాత్తుగా ఆగాడు. గొంతు తగ్గించి అడిగాడు. "ఎండిన రెమ్మని ఏం చేశావు?"

"ఏమీ చెయ్యలేదు. అలాగే ఉంది."

"కుడిచెయ్యి అంతలా పెరుగుతుంటే దాన్నేమైనా కోశావా?"

"లేదు."

"పోనీ గోటితో? చివర్లు గిల్లావా? నిజం చెప్పు."

"లేదు మామా. కత్తి ముట్టుకోవద్దన్నావు, గిల్లొద్దన్నావు. నీ మీద కోపం వచ్చిన రోజు కూడా నేను ముట్టుకోలేదు."

ఇసిదోర్ దిండు మీదికి వాలిపోయాడు. కళ్ళు మూసుకున్నాడు. మార్సియాల్‌కి ముందు అర్థం కాలేదు, ముసలాయన భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నాడనుకున్నాడు. దగ్గరికెళ్ళి చూస్తే నవ్వుతున్నాడు, కళ్ళ చివర నీళ్ళు.

"పెలాజీ! ఒసేయ్ పెలాజీ! ఆ వైన్ సీసా తే. కొయ్యలేదట! మీ అల్లుడు ఒక్క రెమ్మ కొయ్యలేదట!"

పెలాజీ కంగారుగా పరుగెత్తుకొచ్చింది. సంగతి తెలిసి, "ప్రాణం పోయినంత పనైంది. ఇలా అరిస్తే ఎవరైనా చచ్చారనుకోరూ?" అని ఇద్దర్నీ కలిపి తిట్టి సీసా తేవడానికి వెళ్ళింది.

"కట్టిందాన్ని విప్పొచ్చురా. కోసిందాన్ని అతకలేం" అన్నాడు ఇసిదోర్. "విను. ఎన్నో ఏళ్ళ కిందట ఒక చలికాలం ఎడమచెయ్యి మంచు దెబ్బ తింది. నువ్వప్పటికి ఇంకా రాలేదు. చెట్టులో రసం పైపైకే ఎగబాకుతుంది. ఎత్తులో ఉన్నవాడికే తిండి. అందుకని బలం లేనిదాన్ని ఎత్తి కట్టాలి, బలిసినదాన్ని వంచి కట్టాలి. నేను ఏళ్ళ తరబడి దాన్ని అలా మేపుకొస్తున్నాను. నువ్వొచ్చి నీ దారం లాగి ఇద్దరికీ సమంగా పెట్టావు. సమానులకైతే సమంగా పెట్టాలి గానీ, జబ్బుపడ్డవాడికీ వస్తాదుకీ ఒకే కంచమా?"

"ఈ మాట ముందే చెప్పుంటే..."

"చెప్పలేదు" అని ఇసిదోర్ ఒప్పుకున్నాడు. కాసేపు దుప్పటి అంచు సర్దుకున్నాడు. "చూస్తే తెలుస్తుందనుకున్నాను. నువ్వు మేస్త్రీ కళ్ళతో చూశావు. అది నీ తప్పు కాదు. తియోఫిల్ ఏమన్నాడు?"

"ఇంత తిన్నగా కట్టినవాణ్ణి చూళ్ళేదన్నాడు."

"దొంగ సచ్చినోడు! మొదటి రోజే తెలిసుంటుంది వాడికి. అడిగుంటే చెప్పేవాడు. అడక్కుండా చెప్పే రకాలమా మేము?" అన్నాడు ఇసిదోర్. "ఊఁ, వీపు వంచు. నన్ను కిందికి దించు."

"వైద్యుడు వద్దన్నాడుగా!"

"వైద్యుడికి పీచ్ చెట్టుందా?"

క్రూజ్ మేస్త్రీ వీపు ఇసిదోర్‌కి ఆనాడు పనికొచ్చింది. ఒక్కో మెట్టూ దిగుతుంటే ముసలాయన గడ్డం మార్సియాల్ మెడకు గుచ్చుకుంది. బద్దలు కట్టిన కాలును ఒదీల్ కింద పట్టుకుంది. పెరట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఇన్ని నెలల తర్వాత ఇసిదోర్ పెద్దావిడను చూశాడు. ఎడమచేతి దగ్గరికి జరపమని సైగ చేసి, పాలిపోయిన ఆకును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చూశాడు. బెరడు మీద గోటితో సన్నగా గీకాడు. లోపల పచ్చగా ఉంది.

"ఉంది" అన్నాడు. "బతికే ఉంది."

మార్సియాల్ అక్కడే మట్టిలో కూలబడ్డాడు. ఎన్నో వారాలుగా గుండెల మీద మోస్తున్న బండ దిగిపోయేసరికి అతనికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒదీల్ వచ్చి పక్కనే కూర్చుని అతని జుట్టులోంచి గచ్చు పెళ్ళ తీసింది.

"చాల్లే సరసం. లే, సుత్తి పట్టుకో" అన్నాడు ఇసిదోర్.

ఆ మధ్యాహ్నం మార్సియాల్‌కి ఒక వింత శిక్ష పడింది. ఎడమచేతి పేలికలన్నీ ఊడదీసి దాన్ని గోడ నుంచి ముందుకు వదిలేశారు, ఒక కర్ర ఊతమిచ్చి గాలీ వెలుతురూ తగలనిచ్చారు. కుడిచేతిని మాత్రం కిందికి వంచి బిగించి కొట్టమన్నాడు ఇసిదోర్.

"ఇంకా దించు."

"వంకరవుతుంది మామా."

"కావాలి. ఇంకా దించు. కళ్ళు మూసుకో, అప్పుడు నీకు బాధ ఉండదు."

ఎడమచేతి మీద మిగిలిన కాయలన్నీ తీసెయ్యమన్నాడు. జబ్బుమనిషి నెత్తిన మూటలు పెట్టకూడదట. కుడిచేతి మీదివి మాత్రం ఒక్కటి కూడా తియ్యొద్దన్నాడు, ఆ వస్తాదు మొయ్యాలట. ఆ తర్వాత కర్రతో కుడిచేతి మీద దూసుకొస్తున్న ఒక రెమ్మ చూపించాడు.

"దాని తల గిల్లు."

మార్సియాల్ తన చేతులు చూసుకున్నాడు. "నేనా?"

"మరి మీ అత్తా? ఆవిడ చేతికిస్తే చెట్టుని కూడా పేలికలు చేసేస్తుంది. నాలుగో ఆకు మీద గిల్లు. గోటితో. ఆ... అంతే."

చిగురు టప్పున విరిగి వేలికి జిగురంటింది. మార్సియాల్ ఆ వేలు వాసన చూశాడు. ఎన్నేళ్ళుగానో ఆ ఇంట్లో ఉంటున్నా, ఆ వాసన తన వేలి మీంచి రావడం అదే మొదటిసారి. పొద్దువాలేదాకా ముసలాయన కర్ర చూపిస్తూ, అల్లుడు గిల్లుతూ గడిపారు. గిల్లిన ప్రతిదానికీ ఎందుకో చెప్పాడు ఇసిదోర్. నోరు తెరుచుకున్నాక ఆయన్ని ఆపడం కష్టమైంది.

ఎడమచెయ్యి జూన్‌లో ఒక చిగురు వేసింది. జూలైలో ఆకులకు రంగొచ్చింది. ఆగస్టులో ఒదీల్, పెలాజీ తెల్లవారుజామునే కూర్చుని కుడిచేతి పళ్ళ నూగును మెత్తటి బ్రష్షుతో దులుపుతూ, ఆ నూగు దురదకు మెడలు గోక్కుంటూ, ద్రాక్షాకుల మధ్య పేర్చి మార్కెట్‌కి పంపారు. ఫియాక్ర్ పండగనాడు తోటల పెద్దలు వచ్చారు. ఒక చెయ్యి గోడ వదిలేసి, ఇంకో చెయ్యి నేలకు వంగి ఉన్న పెద్దావిడను చూసి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఏంటి ఇసిదోర్, ఇంట్లో మేస్త్రీని పెట్టుకుని చెట్టు ఇలా వంకర?" అన్నాడు తియోఫిల్, అన్నీ తెలిసే.

"వంకరగా కట్టడం వాడికి నేర్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. తిన్నగా ఎవడైనా కడతాడు" అన్నాడు ఇసిదోర్.

పెద్దలు నవ్వారు. మార్సియాల్ కూడా నవ్వాడు. ఈసారి ఆ నవ్వులో ముల్లు లేదు.

రసమట్టాన్ని అతను కొట్లో మేకుకు తగిలించేశాడు. గోడ పనులకు తప్ప దాన్ని కిందికి దించలేదు. గచ్చు పూసే ముందు గోడ మీద బెజ్జాలున్న తీరునే నేల మీద పుల్లలు గుచ్చి గుర్తు పెట్టుకోవడం మాత్రం అలవాటు చేసుకున్నాడు. ఏటా ఎడమచెయ్యి కొంచెం దిగింది, కుడిచెయ్యి కొంచెం లేచింది. ఇసిదోర్ కర్ర ఊతంతో నడిచేవాడు, నిచ్చెన ఎక్కడం మానేశాడు. ఎప్పుడు ఇచ్చాడో ఎవరూ గమనించలేదు గానీ, వంపుకత్తి మార్సియాల్ జేబులో ఉండసాగింది.

కొన్నేళ్ళకు మళ్ళీ ఒక చలికాలం చివర, కట్లు విప్పిన పెద్దావిడ ముందు ఇద్దరూ నిలబడ్డారు. ఇసిదోర్ ఎడమచేతిని మొదలు నుంచి చివరిదాకా తడిమాడు. తర్వాత కుడిచేతిని తడిమాడు. మళ్ళీ ఎడమచేతి దగ్గరికొచ్చాడు.

"ఒకటే లావు" అన్నాడు. "వెళ్ళి నీ రసమట్టం తీసుకురా."

మార్సియాల్ తన చెవులను తనే నమ్మలేదు. కొట్లోకెళ్ళి దుమ్ము తుడిచి తెచ్చాడు. దారం లాగాడు. కుడిచెయ్యి ఎత్తాడు, ఎడమచెయ్యి దించాడు. కొత్త పేలికలతో రెండిటినీ వదులుగా నిలిపి, రెండు చేతులకూ అడ్డంగా ఆనించిన చెక్క పలక మీద రసమట్టం పెట్టి, ఆఖరి మేకులు నోట్లో పెట్టుకున్నాడు.

ఇసిదోర్ కర్ర మీద వంగి రసమట్టంలోకి చూశాడు. దగ్గరగా చూశాడు. తల వెనక్కి తీసుకుని చూశాడు.

"ఇప్పుడు నిజంగానే ఆనడం లేదు" అన్నాడు మెల్లగా. "పిచ్చుకలూ లేవు, పొగగొట్టమూ లేదు. బుడగ మధ్యలో ఉందా అల్లుడూ?"

మార్సియాల్ నోట్లో మేకులన్నీ చేతిలోకి ఉమ్మేశాడు.

"ఉంది మామా. సరిగ్గా మధ్యలో ఉంది."

"అయితే కొట్టు" అని ఇసిదోర్ కర్ర గోడకు చేరేసి, పేలికల బుట్ట రెండు చేతులతో పట్టుకున్నాడు.